ఊపిరి దాచుకున్న చేను

పొద్దున్నే అయిదింటికి రాఘవమ్మ పాక ముందు పొయ్యి ముట్టించి, టీకి నీళ్ళు పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని పొగ ఎటు పోతుందో చూసుకుంటుంది. పొగ మూరెడు పైకి లేస్తుంది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగుతుంది. అక్కణ్ణుంచి వంగి, పొయ్యి రాళ్ళు దిగి, చేలో పరిచిన పత్తికట్టెల సందుల్లోంచి మట్టిలోకి ఇంకిపోతుంది. అది చూసుకున్నాక "సరే" అనుకుని టీ వడకడుతుంది. ఆ "సరే" అనడానికే ఆమె రోజూ అంత పొద్దున లేచేది.

దీన్ని ఊళ్ళో ఎవరూ వింతగా చెప్పుకోరు. ఫలానా బావి నీళ్ళకి కందిపప్పు తొందరగా ఉడుకుతుందని చెప్పుకున్నట్టే, రాఘవమ్మ చేను పొగ తాగుతుందని చెప్పుకుంటారు. దాచేపల్లి పోయే రోడ్డు పక్కన రెండెకరాల రేగడి అది. చుట్టుపక్కల ఎవరు మిరపకట్టె తగలబెట్టినా పొగ గట్టు దాటి అక్కడికే వస్తుంది. కారం దంచుకునే ఆడవాళ్ళు రోలు తెచ్చి ఆ గట్టు మీదే వేసుకుంటారు, ఘాటు చేను చూసుకుంటుందని. బీడీ కాల్చేవాళ్ళు మాత్రం చేనుకి వీపు పెట్టి నిలబడతారు. "ఎదురుగా నిలబడితే సగం బీడీ అదే తాగుద్దిరా" అని వాళ్ళ గోల. కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. ఎందుకు వాలదని మనం నిచ్చెన వేసుకుని అడిగామా? ఇదీ అంతే.

పాక నీడలో, కాళ్ళు చేలోకి చాచుకునేట్టు వేసిన నులకమంచం మీద ఆమె పెనిమిటి బాలకోటయ్య ఉంటాడు. ఇరవై రెండేళ్ళు సున్నపురాయి క్వారీలో డ్రిల్లు పట్టాడు. నరసరావుపేట డాక్టరు ఫిల్ము లైటుకి పెట్టి చూసి, "గాలి లోపలికి పోతోంది గానీ బయటికి రావడం లేదమ్మా. తిత్తి పాతబడిపోయింది" అన్నాడు. పీల్చే మందు ఇచ్చాడు. అది కొంత మేలు చేసింది. ఊళ్ళో ఇంట్లో పడుకుంటే ఆయన తెల్లార్లూ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, కుండలో నీళ్ళు ఒంపుతున్నట్టు ఊపిరిని వంచి వంచి బయటికి పోసుకునేవాడు. రెండేళ్ళ కిందట పత్తి ఏరే రోజుల్లో ఒకసారి చేలో కునుకు పట్టింది ఆయనకి. రాఘవమ్మ దగ్గర కూచుని చూసింది. పొగని లాగినట్టే చేను ఆయన ఊపిరినీ లాగుతోంది, మెల్లగా, తల్లి బిడ్డ ముక్కు తుడిచినంత మెత్తగా. ఆ సాయంత్రమే మంచం, రెండు గిన్నెలు, దేవుడి పటం ఎత్తుకుని పాకలోకి వచ్చేసింది.

ఆ చేను అట్టా తయారవడం వెనక ఏడేళ్ళ పని ఉంది. మొదటి ఏడు దుక్కి వేళకి బాలకోటయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. దున్నించే మనిషి లేక, రాఘవమ్మ కర్రతో గుంటలు పొడిచి గింజ వేసింది. పంట ఏమంత తగ్గలేదు. మరుసటేడు పత్తికట్టె కాల్చకుండా కోసి అక్కడే పరిచింది. పైరు లేని రోజుల్లో జనుము, పిల్లిపెసర, అలసంద, సజ్జ, చేతికొచ్చిన గింజలన్నీ కలిపి చల్లింది. నేలని ఎండకి బోడిగా వదల్లేదు, నాగలి తాకనివ్వలేదు. మూడో ఏడు వానపాములు వచ్చాయి. నాలుగో ఏడు పొగ వంగింది.

అంతా బాగానే ఉంది గానీ, చేను ఆమెది కాదు.

చేను శేషారత్నమ్మగారిది. నరసరావుపేటలో ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి, నుదుట విభూతి, నోట కోటయ్యస్వామి పేరు, మాట మాత్రం గొడ్డలి. ముప్పై ఏళ్ళ కిందట ఆమె కొడుకుని ఆ చేలోనే పాము కరిస్తే, అక్కడే కూలబడి మొక్కుకుంది. పిల్లాడు బతికితే ఏటా ఏరువాక పున్నమికి చేనంతా దున్నించి, తొలిసాలు మట్టి గుప్పెడు కోటప్పకొండకి తెచ్చి స్వామి మెట్టు మీద పోస్తానని. పిల్లాడు బతికాడు. బాలకోటయ్య ఆసుపత్రిలో ఉన్న ఆ ఒక్క ఏడు తప్ప ఆమె ఎప్పుడూ తప్పలేదు.

రాఘవమ్మకి ఈ మొక్కు తెలుసు. తెలిసే తప్పు చేసింది. ఆసుపత్రి ఏడు చేను సంగతి చూసే దిక్కే లేకపోయింది, మోకాళ్ళ ఆపరేషనుతో మంచాన ఉన్న రత్నమ్మగారూ ఏమీ అడగలేదు. తర్వాత, బాగుపడుతున్న నేలని చెదరగొట్టలేక, ఏటేటా ఏరువాక ముందురోజు ఎవరి ఎడ్లనో అడిగి రోడ్డు వార నాలుగంటే నాలుగు సాళ్ళు దున్నించేది. రత్నమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. కారు దిగదు. అద్దం దించి, దున్నిన మట్టి చూసి, దణ్ణం పెట్టి, రాఘవమ్మ అందించిన గుప్పెడు మట్టి కొంగున కట్టుకుని కొండకి పోయేది. ఆరేళ్ళు అట్టానే గడిచింది. "కౌలుకి ఇచ్చిన తల్లితో దొంగాట ఏందే" అని బాలకోటయ్య ఈ రెండేళ్ళలో అన్నప్పుడల్లా రాఘవమ్మ, "నీ ఊపిరి ఆడనీ, తర్వాత దేవుడికి నేను చెప్పుకుంటా" అనేది.

ఈ ఏడు ఎండాకాలం మధ్యలో నందిని వచ్చింది. ప్రకృతి సేద్యం వాళ్ళ తరఫున మట్టి నమూనాలు తీసే అమ్మాయి. స్కూటీ గట్టు కింద పెట్టి, ఇనప గొట్టం నేలలోకి దించి, జానెడు లోతున ఒక సంచి, రెండు జానల లోతున ఒక సంచి నింపుకుని పోయింది. నెల తిరక్కుండా నవ్వు మొహంతో మళ్ళీ వచ్చింది.

"పెద్దమ్మా, పక్క చేలల్లో కర్బనం వందకి అరపాలు కూడా లేదు. నీ దాంట్లో ఒకటి దాటింది."

"అది మంచా, చెడ్డా?"

"చానా మంచిది. పొగలో ఉండేదీ, పెదనాన్న వదిలే ఊపిరిలో ఉండేదీ, ఈ మట్టిని నల్లగా చేసేదీ ఒకటే సరుకు. ఆకు గాల్లోంచి లాగి వేరుకి ఇస్తది, వేరు మట్టికి ఇస్తది. మట్టి గడ్డలు కట్టుకుని లోపల దాచుకుంటది."

"దున్నితే?"

"గడ్డ పగులుద్ది. గాలి తగులుద్ది. మట్టిలో పురుగూ పుట్రా అంతా తినేసి మళ్ళీ గాల్లోకి వదులుద్ది. ఏళ్ళ తరబడి దాచింది నాలుగు రోజుల్లో పోద్ది."

రాఘవమ్మ మంచం వైపు చూసింది. బాలకోటయ్య నిద్రపోతున్నాడు, నోరు కొంచెం తెరుచుకుని.

నందిని ఆమెని చేలో నిలబెట్టి, దోసిట్లో మట్టి పట్టించి ఫోటో తీసింది. ఏడేళ్ళలో తన పని చూసి ఒకళ్ళు మెచ్చుకోవడం అదే మొదలు. రాఘవమ్మ కొంగు సర్దుకుని నవ్వింది కూడా. వారం తర్వాత ఆ ఫోటో పేపర్లో పల్నాడు పేజీలో వచ్చింది. పైన పెద్దక్షరాలు: ఏడేళ్ళుగా నాగలి తాకని నేల.

ఆ మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఏమే రాఘవా" అంది శేషారత్నమ్మ. గొంతులో కోపం లేదు. "పేపరు చదివాను. బాగా పడ్డావు ఫోటోలో."

"అమ్మా..."

"పున్నమి మూడు రోజులుంది. తిరుపతిరావు ట్రాక్టరు మాట్లాడాను. తొమ్మిదింటికి వస్తా. ఈసారి కారు దిగుతా." ఫోను పెట్టేసింది.

ఆ మూడు రోజులూ రాఘవమ్మ తిరగని గడప లేదు. తిరుపతిరావు ఇంటికి పోతే అతను ట్రాక్టరు కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. బాలకోటయ్యతో పాటు క్వారీలో ఆరేళ్ళు చేసి, తెలివిగా ముందే బయటపడ్డవాడు. వరసకి తమ్ముడు.

"నేను రానంటే ఆమె ఇంకో బండి తెప్పిస్తది అక్కా. నేనయితే మెల్లగా దున్నుతా."

"మెల్లగా కోసినా పీక పీకేగదరా."

అతను కింద నుంచి బయటికి రాలేదు. పానా మాత్రం తిరగడం మానింది. "బావ ముందర నేను ఆ పని చెయ్యాలని నాకేమన్నా సరదానా" అన్నాడు చివరికి.

నందినికి ఫోను చేస్తే ఆ పిల్ల ఏడుపు గొంతుతో, "నేనొచ్చి ఆమెతో మాట్లాడనా పెద్దమ్మా?" అంది.

"నీ ఫోటో మాట్లాడింది చాల్లే తల్లీ."

బాలకోటయ్యది ఒకటే పాట. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతూ అన్నాడు: "ఆమె మొక్కు... ఆమెని తీర్చుకోనియ్యి. కొడుకు కోసం... మొక్కింది. నీకున్న ప్రేమే... ఆమెకీ ఉంటది."

"ఉంటది. నీ ఊపిరి పోతే నాకేముంటది?"

ఊళ్ళో ఇంటికి తీసుకుపోతానంది. రానన్నాడు. చేను దున్నేటప్పుడు తాను అక్కడ ఉండాలన్నాడు. రెండేళ్ళుగా తన్ని మోసిన నేల అట, దాన్ని ఒంటరిగా వదలకూడదట.

ఏరువాక పున్నమి తెల్లారింది. అంతకు రెండు రోజుల ముందే మంచి జల్లు పడి నేల పదునుమీద ఉంది. ఊరంతా ఎడ్ల కొమ్ములకి రంగులు, ట్రాక్టర్లకి పసుపు బొట్లు. రాఘవమ్మ పొయ్యి ముట్టించింది. పొగ వంగింది. ఆ రోజు "సరే" అనలేదు.

తొమ్మిదికి పది నిమిషాలు ముందే కారు వచ్చింది. శేషారత్నమ్మ చేతికర్ర పట్టుకుని దిగి, చెప్పులు కారులోనే వదిలి, గట్టెక్కింది. రోడ్డు వార పోయినేడు దున్నిన నాలుగు సాళ్ళు దాటి చూసింది. ఆ వెనకాల రెండెకరాలూ పత్తికట్టె కింద నిండు గర్భిణిలా కదలకుండా పడుకుని ఉంది నేల.

"ఆరేళ్ళు" అంది. "ఆరేళ్ళు నాచేత కొండ మీదకి అబద్ధం మోయించావు."

"మోయించానమ్మా."

"కాదనవేం?"

"కాదంటే ఏడోది అవుద్ది."

ముసలామె పెదవి ఒకపక్కకి కదిలింది, అంతలోనే బిగిసింది. "నీ చేను పొగ తాగుద్దని నాకూ తెలుసు. మా మరిది రోజుకి రెండు పెట్టెలు తాగేవాడు, ఆయనకేం గుడి కట్టలా. దున్నాలి."

"ఆయన ఊపిరి దీంతోనే ఆడుతుందమ్మా. మూడు సాళ్ళు దున్నించుకోండి. నేనే కొండకి నడిచి తీసుకుపోతా."

"నేను మొక్కింది మూడు సాళ్ళకి కాదే. చేనంతా అన్నా. స్వామితో బేరం ఆడమంటావా? ఊపిరి ఇచ్చేదీ తీసేదీ ఆయన. మట్టి కాదు." తిరుపతిరావు వైపు తిరిగింది. "కానీరా."

తిరుపతిరావు ట్రాక్టరు చేలోకి మళ్ళించాడు. మొహం కడిగిన గోడలా ఉంది. పెద్దనాగలి దించాడు.

నాగలి దిగిన చప్పుడు పెద్దదేమీ కాదు. పాత దుప్పటి చింపితే వచ్చేంత. మట్టి కుంకుడుకాయంత గడ్డలుగా, నల్లగా, తెల్ల వేళ్ళతో తిరగబడింది. ఆ చీలికలోంచి గాలి లేచింది. వెచ్చటి గాలి. ముందు నిన్నటి పొయ్యి వాసన. ఇంకో బారెడు పోయేసరికి మొన్నటి మిరపకట్టె ఘాటు. ఆ కింద వినాయకచవితి సాంబ్రాణి, ఎవరి ఇంట్లోనో కాలిన పాలు, ఎన్నేళ్ళ కిందటి బీడీలో. గట్టు మీద శేషారత్నమ్మ పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఏడెనిమిది బారలు పోయాక, సాల్లోంచి ఎవరో దగ్గారు.

తిరుపతిరావుకి ఆ దగ్గు తెలుసు. ఆరేళ్ళు పక్కన నిలబడి విన్న దగ్గు. బావ వెనకాల వచ్చి నిలబడ్డాడనుకుని తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ దగ్గు, ఇంకొకటి, ఇంకొకటి, బాలకోటయ్య చేనుకి ఇచ్చిన దగ్గులన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తున్నాయి. మంచం మీద అసలు మనిషి నిటారుగా కూచుని ఉన్నాడు. ఛాతీ నిండుగా పొంగి ఉంది. దిగడం లేదు. చేను ఇప్పుడు పీల్చడం మాని వదులుతోంది, లాగేవాళ్ళు లేక ఆయన ఊపిరి ఎక్కిన చోటే నిలబడిపోయింది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి. గొంతులోంచి సూది బెజ్జమంత ఈల. చెయ్యి ఒకటి పైకి లేచింది.

తిరుపతిరావు బ్రేకు తొక్కి నాగలి పైకెత్తి, తాళం చెవి మీద చెయ్యి వేశాడు.

"ఆపొద్దు" అంది రాఘవమ్మ.

"బండి ఆపొద్దా?"

"ఆపొద్దురా. గొట్టం పొగ నాకు కనపడాలి."

ట్రాక్టరు పొగగొట్టం లోంచి నల్లటి పొగ నిట్టనిలువుగా ఆకాశంలోకి పోతోంది. నాలుగేళ్ళలో ఆ చేలో ఏ పొగా అట్టా నిలబడలేదు.

మంచానికి పది అడుగులు. సాలుకీ పది అడుగులే. రాఘవమ్మ ఒక్క క్షణం ఆయన కళ్ళలోకి చూసింది. చూసి, సాలు వైపు పరిగెత్తి మోకాళ్ళ మీద పడింది. తిరగబడ్డ మట్టిని రెండు చేతులతో వెనక్కి తోయడం మొదలుపెట్టింది.

"ఏమే, మొగుడు అక్కడ పోతుంటే ఇక్కడ మట్టి పిసుకుతావేందే?" అని అరిచింది శేషారత్నమ్మ.

"ఆయన దగ్గర కూచుంటే నేను ఏడవగలను అంతే. ఇక్కడయితే మూయగలను."

తిరుపతిరావు దూకి ఆ చివర నుంచి మొదలుపెట్టాడు. మూస్తుంటే చేతుల కింద వెచ్చటి గాలి తగులుతోంది, దగ్గుతోంది, ఇంకా ఇంకా పోతోంది. ముగ్గురు కావలసిన పని అది. ఇద్దరే ఉన్నారు.

శేషారత్నమ్మ మంచం వైపు చూసింది. ముప్పై ఏళ్ళ కిందట ఇదే చేలో ఆమె ఒళ్ళో ఒక పిల్లాడి పెదాలు ఇదే రంగు తిరిగాయి. ఆ రోజు ఆమె చేతుల్లో చెయ్యడానికి ఏ పనీ లేక మొక్కుకుంది. చేతికర్ర పారేసింది. ఆపరేషను అయిన మోకాళ్ళు, డాక్టరు నేల మీద కూచోవద్దన్న మోకాళ్ళు, రెండూ ఆనించి సాలు మధ్యలో పడింది.

"కోటయ్యస్వామీ" అని ఒక గుప్పెడు తోసింది. "కోటయ్యస్వామీ" అని ఇంకోటి. గుప్పెడికో పేరు. జపమాల తిప్పిన వేళ్ళు కదా, లయ తప్పలేదు. ముప్పై. నలభై. గోళ్ళు విరిగాయి. వేరు గుచ్చుకుని బొటనవేలి నుంచి నెత్తురు కారింది. అరవై దాటేసరికి సాలు పూడింది. రాఘవమ్మ పత్తికట్టె లాక్కొచ్చి పైన పరిచింది, తిరుపతిరావు కాళ్ళతో మెల్లగా అదిమాడు. ఇక తోయడానికి మట్టి లేదు. చేసే పని అయిపోయింది.

ముగ్గురూ పొగ చూస్తున్నారు.

పొగ నిలువుగానే ఉంది. ఇంజను టకటకా కొట్టుకుంటోంది. శేషారత్నమ్మ పేర్లు ఆపలేదు, ఖాళీ చేతులతోనే ఒక్కో వేలు ముడుస్తోంది. ఎనభై. ఎనభై ఒకటి. మంచం వైపు తల తిప్పే ధైర్యం రాఘవమ్మకి లేదు. సన్నటి ఈల వినపడినంతసేపూ వింది. తొంభై దగ్గర అది కూడా ఆగింది.

తొంభై నాలుగో పేరుకి పొగ తల తిరిగింది.

గాలి అనుకున్నాడు తిరుపతిరావు. గాలి లేదు. పొగ నడుం దగ్గర వంగి, బానెట్టు మీద నుంచి జారి, ముందు చక్రం పక్కన నేలకి దిగింది. పత్తికట్టెల కిందకి, పూడ్చిన సాలు మీదుగా, నల్లగా, నింపాదిగా ఇంకిపోసాగింది.

వెనక మంచం కిర్రుమంది. బాలకోటయ్య లోపలున్నదంతా వదిలాడు. ఎంత పొడుగు ఊపిరంటే, చివర కొంచెం పాట లాగా వినపడింది. మళ్ళీ పీల్చాడు. మళ్ళీ వదిలాడు. పెదాల్లోకి ఎరుపు తిరిగింది.

"బండి ఆపరా తిరుపతీ" అన్నాడు. ఏడాదిగా ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు అనలేదు. "డీజిలు కంపు."

తిరుపతిరావు తాళం తిప్పి, అక్కడే నిలబడి చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. చేలో చప్పుడు పోయింది. రాఘవమ్మ అప్పుడు లేచి మంచం దగ్గరికి పోయి, మట్టి చెయ్యి ఆయన ఛాతీ మీద పెట్టి, లేవడం చూసి, దిగడం చూసి, ఇంకోసారి చూసి, వెనక్కి వచ్చింది.

శేషారత్నమ్మ ఇంకా సాలు మీదే కూలబడి ఉంది. పట్టుచీర అంచంతా బురద. "మొదలుపెట్టింది సగంలో వదలకూడదు" అని గొణుక్కుంటూ నూట ఎనిమిదీ పూర్తి చేసి, కళ్ళకద్దుకుంది.

"అమ్మా, మీ మొక్కు" అంది రాఘవమ్మ.

"అది నేనూ స్వామీ చూసుకుంటాం. మధ్యలో నువ్వెందుకు? నువ్వు చేసిన అబద్ధానికి మటుకు నూరు మెట్లు మోకాళ్ళ మీద ఎక్కాలి. నాతో పాటు కాదు, విడిగా. నీ పక్కన ఎక్కితే నాకు కోపం వస్తది."

"ఎక్కుతానమ్మా."

"తిరుపతీ, ఆ నాగలి విప్పి ఇక్కడే గట్టు మీద పడేసి పో. ఆ ఇనుము ఖరీదు నేను ఇచ్చుకుంటా. ఈ చేలోకి మళ్ళీ ఎవరి నాగలీ దిగదు. నేను పోయినా దిగదని కొడుకుతో కాయితం రాయిస్తా."

తిరుపతిరావు అప్పటికే పానా తీశాడు.

"నన్ను లేపవే" అంది ముసలామె. రాఘవమ్మ చంకల కింద చేతులు వేసింది. సగం లేచాక ఆమె బరువు వదిలేసి మళ్ళీ కూచుంది. ఎదురుగా మంచం మీద మనిషి ఛాతీ లేస్తోంది, దిగుతోంది.

"ఉండవే" అంది. "ఇంకో నాలుగు చూసి లేస్తా."